ప్రణయాద్భుత నవలలు: అద్భుతమునకు గల పని

ప్రణయమును అద్భుతమును ఒకే కథలో కలిపి చెప్పు నవలలు గడచిన పది పన్నెండేండ్లలో ఆంగ్లభాషయందు మిక్కిలి ప్రచారమునకు వచ్చినవి. రొమాన్స్, ఫాంటసీ అను రెండు పదములను అతికి వీనికి ‘రొమాంటసీ’ అను పేరు పెట్టిరి. మన విద్యార్థులును వీనిని ఆసక్తితో చదువుచున్నారు. అధ్యాపకులు మాత్రము వీని ప్రసక్తి వచ్చినప్పుడు కాలక్షేపసాహిత్యమని ఒక్కమాటతో త్రోసిపుచ్చుట కలదు. చదివిన పిదప త్రోసిపుచ్చినచో అది విమర్శ యగును గాని, చదువకయే త్రోసిపుచ్చుట విమర్శ యనిపించుకొనదు. అందుచే ఈ శాఖకు చెందిన మూడు నవలలను తీసికొని, వానియందు మెచ్చదగిన దేదో, మెచ్చరాని దేదో ఇచట విచారింప దలచితిమి.

విచారణకు పూర్వము ఒక ప్రశ్నను స్థిరపరచుకొనవలసియున్నది. ప్రణయకథలో అద్భుతమునకు గల పని యేమి? ఆలంకారికుల పరిభాషలో శృంగారమునకు స్థాయి రతి. అద్భుతమునకు స్థాయి విస్మయము. ఈ రెండును ఒక కావ్యమున చేరినప్పుడు ఒకటి అంగియు, రెండవది అంగమును కావలెను. అద్భుతము అంగమైనచో అది రతిని పుట్టించుటకో, పెంచుటకో, పరీక్షించుటకో తోడ్పడవలెను. అట్లు గాక పాత్రలు తమంతట తాము విడదీసికొనవలసిన చిక్కును మంత్రము వచ్చి విడదీసినచో, రసము పుష్టి చెందకయే కథ ముగియును. ఈ నవలల మంచిచెడ్డలు చాలవరకు ఈ యొక్క విషయముననే తేలునని మా అభిప్రాయము.

ఈ ప్రశ్న మన సాహిత్యమునకు క్రొత్తది కాదు. పదునారవ శతాబ్దిని పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయమున అద్భుతము లేని ఆశ్వాసము లేదు. అయినను ఆ యద్భుతము ప్రణయమును ప్రశ్నించుచునే యుండును. కలభాషిణి రంభరూపమును, మణికంధరుడు నలకూబరరూపమును పొందుదురు. నిజరంభ యెవ్వతె, మాయారంభ యెవ్వతె యను వివాదము పుట్టును. పైకి అది వినోదము. లోన, రూపమొక్కటే యైనప్పుడు మనసు ఎవరిని వరించినట్లు అను గడ్డుప్రశ్న యున్నది. ఆ కావ్యముననే సుగాత్రీశాలీనుల కథలో అద్భుతముతో పనియే లేదు. అలంకరించుకొని వచ్చిన భార్యను చూచి వెనుదీసిన శాలీనుడు, ఆమె నగలు తీసివేసి తోటపనిలో తనకు తోడ్పడినప్పుడు అనురక్తుడగును. మాయలు నిండిన కావ్యమున ఈ కథను నిలుపుటచే, మాయకు లొంగని దేదో కవి చూపినాడు. కట్టమంచి రామలింగారెడ్డిగారు ‘కవిత్వతత్త్వవిచారము’న ఈ కావ్యమును అంత శ్రద్ధతో పరిశీలించుటకు ఇట్టి కథాకల్పనాశక్తియే కారణము.

వచనమునకు వచ్చునప్పటికి మన భాషలో ఈ రెండును విడిపోయినవి. 1947లో ఆరంభమైన ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలు అద్భుతమును బాలురకు పంచిపెట్టినవి. ప్రణయము పెద్దల పత్రికలలో నిలిచినది. యద్దనపూడి సులోచనారాణిగారి ‘సెక్రటరీ’ మొదలైన నవలలలో మంత్రము లేదు. మేడలు, కార్లు, నాయకుని ఐశ్వర్యము మంత్రము చేయు పనిని చేసినవి. కావున ప్రణయాద్భుతములను మరల ఒకచోట చేర్చిన నేటి ఆంగ్లనవలను చూచునప్పుడు తెలుగు పాఠకునికి పాత చుట్టమును చూచినట్లే యుండును. ఆ చుట్టరికము ఎంతవరకు నిజమో పరీక్షింపవలెను.

మొదటిది సారా జె. మాస్ రచించిన ‘ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్’. ఇది 2015లో వెలువడినది. పేదరికమున నున్న కుటుంబమును వేటచే పోషించు ఫేయ్‌రా యను యువతి అడవిలో ఒక తోడేలును చంపును. అది మానవేతరజాతికి చెందిన వాడొకడు ధరించిన రూపము. దానికి ప్రతిగా ఆమెను ట్యామ్లిన్ అను ప్రభువు తన దేశమునకు గొనిపోవును. యూరపులో ప్రసిద్ధమైన సుందరీమృగముల కథకు ఇది పెంపు. ట్యామ్లిన్‌కు ఒక శాపము కలదు. తన జాతిని ద్వేషించు మానవకన్య తన్ను ప్రేమించి, ఆ మాటను నోట పలికిననే గాని అది తీరదు. గడువు ముగియవచ్చుచుండగా అతడు ఆమెను క్షేమముకొరకై ఇంటికి పంపివేయును. శాపవిమోచనమునకు కావలసిన మాట ఆమె నోట రానే లేదు. అద్భుతము ఇచట శృంగారమునకు చక్కగా అంగమైనది. తన మేలును విడిచి ఆమె మేలును కోరుటచే నాయకుని రతి నిజమని తేలినది; అతనిని విడిపించుటకు తిరిగి వచ్చి మూడు పరీక్షలకు ఒప్పుకొనుటచే నాయిక రతియు నిజమని తేలినది.

రెండవ సంపుటము 2016లో వచ్చినది. మేము మెచ్చుకొన్న భాగము ఇందు కలదు. శాపము తీరి, శత్రువు నశించి, నాయికానాయకులు కలిసిన పిదప కథ ఆగవలసియుండగా, రచయిత్రి ఆగలేదు. పరీక్షలలో తాను చేసిన హత్యలు ఫేయ్‌రాను రాత్రులు నిద్రపోనీయవు. ట్యామ్లిన్ ఆమెను రక్షించు నెపమున మేడలో బంధించును. శాపము తీర్చిన ప్రేమ కాపురమును నిలుపలేకపోయినది. పెండ్లితో ముగియు కథలను వందలుగా చదివిన వారికి ఈ సాహసము విలువ తెలియును. రీసాండ్ అను మరియొక ప్రభువు ఆమెకు చదువు నేర్పును. అక్షరములు రాని ఆ యువతి ఒక్కొక్క వాక్యమును కూడబలుకుకొను ఘట్టములలో వారి చనువు పెరుగును. శాలీనుని తోటపని వలెనే ఇదియు మంత్రముతో పనిలేని ప్రణయము.

కాని రచయిత్రి తాను కట్టినదానిపై తానే నమ్మకము ఉంచలేదు. రీసాండ్‌కును ఫేయ్‌రాకును పుట్టుకతోడి జంటబంధము కలదనియు, ఆ సంగతి ఎరిగియు అతడు దాచెననియు కొంతసేపటికి తెలియును. బంధమును ఒప్పుకొనుటయో మానుటయో స్త్రీ యిచ్ఛకు విడువబడినది. తన చేతితో ఆహారము పెట్టుట అంగీకారమునకు గుర్తు. ఈ కల్పన సొంపుగానే యున్నది. అయినను బంధము బయటపడిన క్షణము నుండి పాఠకుని దృష్టిలో మొదటి నాయకుని దోషములకు విలువ తగ్గిపోవును. ట్యామ్లిన్ తప్పు చేసినందుచే ఆమె విడిచెనా, విధి వేరొకనిని నిర్ణయించినందుచే విడిచెనా? చదువు నేర్పిన వానిని వరించెనా, వ్రాసిపెట్టియున్న వానిని వరించెనా? రెండింటికిని అవుననునట్లు కథ నడచుటచే నాయిక చేసిన కష్టమైన నిర్ణయము తేలికపడినది.

ఇచట ఒక ఆక్షేపణ రాగలదు. మన కావ్యములలో మాత్రము విధి లేదా? పూర్వజన్మబంధములు, శాపములు, వరములు లేని ప్రబంధ మేది? కళాపూర్ణోదయమున పాత్రల చరిత్ర యంతయు బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథయే గదా? ఆక్షేపణ సరియైనదే. విధి యుండుట దోషమని మేమును అనుట లేదు. సూరన పాత్రలకు తమ కథ ముందే చెప్పబడినదని తెలియదు. వారు కోరుదురు, మోసపోవుదురు, పశ్చాత్తాపపడుదురు. విధి వారి ప్రయత్నమును తగ్గింపదు. శాకుంతలమున ఉంగరము జ్ఞాపకమును తెచ్చును గాని క్షమను తేలేదు. దుష్యంతుడు ఆమె కాళ్లపై పడవలసియే వచ్చినది. విధి కథను నడపవచ్చును. పాత్రల మంచిచెడ్డలకు తీర్పు చెప్పు అధికారమును దానికి ఇచ్చినప్పుడే రసభంగము కలుగును.

రెండవ నవల రెబెక్కా యారోస్ రచించిన ‘ఫోర్త్ వింగ్’, 2023లో వెలువడినది. లేఖకుల శాఖలో చేరి గ్రంథముల నడుమ బ్రదుకవలెనని సిద్ధపడిన వయొలెట్‌ను, సేనానాయకురాలగు తల్లి డ్రాగన్లనెక్కి యుద్ధము చేయువారి శాఖకు పంపును. ఆమె దేహము సులభముగా దెబ్బతినునది. అచట ఓడినవారికి మరణమే గతి. తిరుగుబాటు చేసి శిక్షింపబడిన నాయకుని కుమారుడు జేడెన్ ఆమెకు ప్రమాదకరుడుగా కనబడి, క్రమముగా ప్రియుడగును. వీరి డ్రాగన్లు రెండును దంపతులు. అవి దూరముగా ఉండజాలవు గనుక వీరును దూరముగా ఉండరాదు. మరల జంటబంధమే యని పాఠకుడు నిట్టూర్చును. కాని ఈ బంధము వీరిని దగ్గరకు చేర్చునే గాని ప్రేమించుమని శాసింపదు. దగ్గర నున్న వారు పరస్పరము ద్వేషించుటకును అవకాశమున్నది. అందుచే మాస్ కల్పనకన్న ఇది నిర్దుష్టమైనది.

ఈ నవలలో మాకు నచ్చిన వస్తువు ఒక జీను. బలహీనమగు కాళ్లతో డ్రాగన్ వీపుపై నిలువలేని వయొలెట్‌కు జేడెన్ జీనును సిద్ధపరచును. బాల్యమిత్రుడగు డేన్ ఆమెను ప్రేమించుచునే, నీవు ఇచట బ్రదుకలేవు, వెడలిపొమ్మని వేడుకొనుచుండును. ఇరువురును ఆమె మేలునే కోరుదురు. ఒకడు ఆమె బలహీనతను చూచి ఆమె కోరికను తగ్గింపజూచును, మరియొకడు ఆ కోరికకు తగిన సాధనము చేసిపెట్టును. ప్రేమకును జాలికిని గల భేదము ఇంత తేటగా జీను రూపమున కనబడుట రచయిత్రి నేర్పునకు నిదర్శనము. తండ్రి విడిచిపోయిన కట్టుకథల గ్రంథము చివరకు నిజచరిత్ర యని తేలుటయు, రాజ్యము కాపాడు గ్రంథాలయము అబద్ధములతో నిండియున్నదని తెలియుటయు పరిశోధకులకు ప్రత్యేకముగా పట్టుకొను విషయము. దోషము భాషలో నున్నది. శతాబ్దములుగా నిలిచిన యుద్ధవిద్యాలయమున నివసించువారు నేటి అమెరికా కళాశాలల విద్యార్థుల వలె మాటలాడుదురు. డ్రాగన్ల పలుకులలో గల గాంభీర్యము మనుష్యుల పలుకులలో లేదు.

మూడవది నయోమీ నోవిక్ రచించిన ‘అప్‌రూటెడ్’. 2015లో వెలువడి నెబ్యులా బహుమానము పొందినది. పోలెండు జానపదకథల గాలి ఇందు వీచును. లోయలోని గ్రామములను ఒక దుష్టారణ్యము మ్రింగవచ్చుచుండును. దానిని అడ్డుకొను మాంత్రికుడు పదేండ్లకొకసారి ఒక పదునేడేండ్ల కన్యను తన బురుజునకు గొనిపోవును. అందరును అందగత్తెయగు కాష్యాను తీసికొనునని తలచుచుండగా, అతడు ఆమె స్నేహితురాలగు అగ్నియెష్కాను ఎన్నుకొనును. ఆమెలో మంత్రశక్తి యున్నది. కాని అతడు నేర్పు సూత్రబద్ధమైన మంత్రములు ఆమె నోట నిలువవు. ఆమె మంత్రము అడవిలో దారి వెదకికొనుచు నడచినట్లు, పాట పాడుకొన్నట్లు సాగును. అతనిది వ్యాకరణము, ఆమెది జానపదము అనవచ్చును.

ఇరువురును కలిసి మంత్రబలమున ఒక గులాబిని కల్పించు ఘట్టము ఈ నవలకు ప్రాణము. అతని కూర్పును ఆమె లయయు కలిసినప్పుడు పూవు విరియును. విరియుచుండగా వారికి ఒకరి మనసు ఒకరికి తెలియును. అద్భుతము ప్రణయమునకు కారణమో ఫలమో చెప్పలేనంతగా రెండును ఏకమైనవి. అంగాంగిభావము ఇంతకన్న చక్కగా కుదిరిన ఘట్టము ఈ మూడు నవలలలో మరియొకటి లేదు. అరణ్యము చేయు క్రౌర్యమునకు మూలము కూడ ఒక దాంపత్యకథయే. తన జాతి కొరకు మానవరాజును పెండ్లాడిన అరణ్యరాణిని, అతని మరణానంతరము ప్రజలు వంచించి సమాధిలో మూసిరి. అగ్నియెష్కా ఆమెను జయించుట ఆయుధముతో గాదు, ఆమె దుఃఖమును తెలిసికొనుటచేతనే. పిమ్మట ఆమె అరణ్యముననే నిలిచి చెడిన చెట్లను బాగుచేయుచుండును; నాయకుడు తనంతట తాను తిరిగి వచ్చును. ఏ విధియు వారిని కట్టివేయలేదు.

లోపము లేకపోలేదు. మొదటి భాగమున మాంత్రికుడు ఆ బాలికను తూలనాడు మాటలు పెక్కు కలవు. వందయేండ్లు దాటిన గురువు, బంధితురాలైన శిష్య. అట్టి స్థితిలో పరుషవచనమును నాయకలక్షణముగా గ్రహించుట కష్టము. ఈ శాఖయందలి నవలలు పరుషతను ప్రేమకు ముఖద్వారముగా వాడుకొనుటకు అలవాటుపడినవి. ధీరోద్ధతుని లక్షణములను నాయకునికి ఇచ్చి, ధీరలలితుని ఫలమును అతనికి కట్టబెట్టుచున్నారు.

శృంగారవర్ణన మితిమీరినదని ఈ నవలలపై ఒక నింద కలదు. ప్రబంధములను పాఠముగా చెప్పు మనము ఆ నిందను తొందరపడి చేయరాదు. మా ఆక్షేపణ వర్ణన యొక్క స్పష్టతపై గాదు, పునరుక్తిపైననే. మొదటి సమాగమమున పాత్రల స్వభావము కొంత తెలియును. నాలుగవదానిలో క్రొత్తగా తెలియున దేమియు లేదు. సంపుటములు పెరుగుటచే కలిగిన దోషమిది. యారోస్ కథ 2025 నాటికి మూడు పెద్ద సంపుటములైనది. నోవిక్ ఒక్క సంపుటముతో ముగించినది. ముగింపు ఎరిగి నడపిన కథలో అద్భుతము పొదుపుగా వాడబడుట సహజము.

ఈ మూడింటిలో ‘అప్‌రూటెడ్’ నిలువదగిన నవల యని మా నిర్ణయము. ‘ఫోర్త్ వింగ్’ చదువదగినది. మాస్ రచనలో రెండవ సంపుటపు పూర్వార్ధము ఉత్తమము. అనంతరము విధి ప్రవేశించి పాత్రలను బలహీనపరచినది. తెలుగులో నేడు ప్రణయాద్భుతములను కలిపి వ్రాయదలచువారికి ఆంగ్లనవల ఒక్కటే మార్గదర్శి కానక్కరలేదు. రూపము మారినను మారని దేదో వెదకిన కావ్యము మనకు నాలుగు వందల యేండ్లకు పూర్వమే కలదు. పరిశోధకులు ఈ నవలలను కళాపూర్ణోదయము ప్రక్కన నుంచి, ఏ మాయ పాత్రను పరీక్షించుచున్నది, ఏ మాయ పాత్రకు బదులుగా పని చేయుచున్నది యని ఘట్టము ఘట్టముగా విచారించినచో, క్రొత్త నవలకును పాత ప్రబంధమునకును న్యాయము జరుగును.