పుటపైకి వచ్చిన చీకటి: ‘ది రిడ్లర్: ఇయర్ వన్’ కామిక్‌లో వాస్తవిక శైలి

తెలుగులో అనుసరణపై వచ్చిన పరిశోధన చాలావరకు పుస్తకం నుంచి తెరకు సాగిన ప్రయాణాన్నే పట్టించుకుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ 1938లో చలనచిత్రం కావడం వంటివి మనకు సుపరిచితమైన ఉదాహరణలు. తెర నుంచి పుటకు జరిగే ఎదురు ప్రయాణంపై చర్చ అంతగా సాగలేదు. ఆ దిశలో పరిశీలించదగిన రచన ‘ది రిడ్లర్: ఇయర్ వన్’. మాట్ రీవ్స్ దర్శకత్వంలో 2022 మార్చిలో విడుదలైన ‘ది బ్యాట్‌మ్యాన్’ చిత్రంలో రిడ్లర్ పాత్రధారి అయిన పాల్ డానోయే ఈ కామిక్‌కు రచయిత. బొమ్మలు సెర్బియా చిత్రకారుడు స్తెవాన్ సుబిచ్‌వి. డి.సి. సంస్థ ఆరు సంచికలుగా వెలువరించిన ఈ కథ సినిమాకు ముందు కాలానిది.

సినిమా శైలికి మూలం కూడా కొంతవరకు కామిక్సే. ఫ్రాంక్ మిల్లర్, డేవిడ్ మజుకెల్లీల ‘బ్యాట్‌మ్యాన్: ఇయర్ వన్’ (1987) ప్రభావం రీవ్స్ చిత్రంపై స్పష్టం. కనుక ఇది పుట్టింటికి తిరిగివచ్చిన శైలి అనవచ్చు. అయితే ఖాళీ చేతులతో రాలేదు, కొన్నిటిని తెరమీదే వదిలి వచ్చింది కూడా.

ఆ చిత్రంలో వాస్తవికత ముఖ్యంగా చీకటిలోనూ చప్పుడులోనూ ఉంది. బ్యాట్‌మ్యాన్ కనిపించకముందే చీకట్లోంచి నిదానంగా బూట్ల శబ్దం వినిపిస్తుంది. ఆ నిరీక్షణే భయాన్ని పుట్టిస్తుంది. చీకటి నడవలో జరిగే పోరాటానికి తుపాకుల మెరుపులే దీపాలు. కామిక్ ఆ మెరుపును అచ్చు వేయగలదు గానీ, రెండు మెరుపుల మధ్య ప్రేక్షకుణ్ణి తన లెక్కన ఆపి ఉంచలేదు. రెండు చట్రాల మధ్య ఖాళీని పాఠకుడే పూరించుకుంటాడని స్కాట్ మెక్‌క్లౌడ్ వివరించాడు. అంటే కాలంపై అధికారం ఇక్కడ పాఠకుడి చేతికి వస్తుంది. ఈ తేడాను గుర్తించక, కేవలం రంగుల పొందికను అనుకరించే కామిక్ సినిమా నిశ్చలచిత్రాల సంపుటిగానే మిగులుతుంది. సుబిచ్ ఆ పొరపాటు చేయలేదు. దట్టమైన సిరా, వంకర తిరిగిన ముఖాలు, ఇరుకైన గదులు: ఇవి ఛాయాగ్రహణానికి దగ్గరవి కావు. బాహ్య వాస్తవికతను వదులుకుని పాత్ర మానసిక వాస్తవికతను పట్టుకున్నాయి.

ఐదవ సంచిక ఈ అనుసరణలో అత్యుత్తమ ఘట్టమని నా అభిప్రాయం. ఎడ్వర్డ్ నాష్టన్ వృత్తిరీత్యా ఒక సంస్థలో లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగి. ఈ సంచిక అతని లెక్కల పుస్తకం, దినచర్యల రూపంలోనే సాగుతుంది. సినిమాలోనూ పోలీసులకు అతని ఇంట్లో అలాంటి పుస్తకాలు దొరుకుతాయి. అయితే అక్కడ కెమెరా వాటిని కొన్ని క్షణాలు చూపి ముందుకు సాగిపోతుంది. అవి మనం దూరం నుంచి చూసే సాక్ష్యాలు మాత్రమే. కామిక్‌లో పుటే ఆ వస్తువు. పాఠకుడు పట్టుకున్నది నాష్టన్ రాసుకున్న కాగితం. చేతిరాత తీరులోనే అతని మనఃస్థితి చదవవచ్చు. సినిమా ధ్వనితో సాధించిన సామీప్యాన్ని కామిక్ తన సొంత ఉపకరణంతో సాధించింది. క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యజీవితంగా భావించినది ఇలాంటి తగుదల గురించే. అనుసరణను మూలంతో పోలికను బట్టి కొలిచే మన అలవాటుకు ఈ సంచిక లొంగదు.

ఈ సామీప్యంలోనే చిక్కు కూడా ఉంది. సినిమాలో రిడ్లర్ చాలాసేపు ముసుగులోనే ఉంటాడు. అతని బాధ మనకు తెలిసేసరికి అతని హత్యలు చూసి ఉంటాం. కామిక్‌లో ఈ క్రమం తలకిందులైంది: అనాథ బాల్యం, ఒంటరితనం, నగర పాలనలోని అవినీతిని తవ్వితీసిన ఉద్యోగికి దక్కిన నిరాదరణ ముందు వస్తాయి. సంచికల పొడవునా అతని తలలోనే నివసించిన పాఠకుడికి అతని ఆగ్రహం న్యాయంగా తోస్తుంది. కొంతవరకు అది న్యాయమే. అయితే సినిమా దానిపై తీర్పును ఒక్క సన్నివేశంలో చెబుతుంది. ప్రారంభంలో తానే ప్రతీకారాన్నని ప్రకటించుకున్న బ్యాట్‌మ్యాన్, చివర్లో రిడ్లర్ అనుచరుడి నోట అదే మాట విని నిర్ఘాంతపోతాడు. ముందు కాలపు కథ కావడం వల్ల ఆ సన్నివేశం కామిక్‌లో లేదు, దానికి సమానమైన మరొకటీ లేదు. సినిమా చూసినవాడు ఆ మాటను జ్ఞాపకం నుంచి తెచ్చుకుంటాడు. కామిక్‌తోనే మొదలుపెట్టిన పాఠకుడి చేతిలో మిగిలేది నాష్టన్ రాసిన లెక్క ఒక్కటే.