స్కాట్స్ భాషలో ఎరుక: ‘కెన్’, దాని చుట్టాలు

స్కాట్స్ భాషలో ‘కెన్’ అంటే ఎరగడం, గుర్తుపట్టడం, పరిచయం ఉండడం. స్కాట్లండ్‌లో ఇంగ్లీషు కాక పాతకాలం నుంచి వస్తున్న భాషలు రెండున్నాయి. గేలిక్ కెల్టిక్ కుటుంబానికి చెందింది. స్కాట్స్ ఇంగ్లీషుకు తోబుట్టువు. పాత ఇంగ్లీషు ఉత్తరాది రూపమైన నార్తంబ్రియన్ నుంచి పుట్టి వేరే దారిన పెరిగింది. 2022 జనాభా లెక్కల్లో 15 లక్షల మందికి పైగా తమకు స్కాట్స్ మాట్లాడడం వచ్చని చెప్పారు. చదువుకున్నవాళ్లు చాలాకాలం దీన్ని చెడిపోయిన ఇంగ్లీషుగానే లెక్కగట్టారు. ఆ లెక్క తప్పని చూపడానికి ‘కెన్’ చరిత్ర ఒక్కటి చాలు.

పాత ఇంగ్లీషులో దీని మూలరూపం ‘కెన్నన్’. దానికి ప్రధానార్థం తెలియజేయడం, ప్రకటించడం. వైకింగులు స్థిరపడిన ఉత్తర ప్రాంతాల్లో వాళ్ల నార్స్ భాషలోని ‘కెన్న’ ప్రభావం దీనిపై పడి, తెలియజేయడం కాస్తా తెలిసి ఉండడంగా మారింది. దక్షిణాన ‘నో’ అనే క్రియ గెలిచింది. ఉత్తరాన ‘కెన్’ నిలిచింది. జర్మన్, డచ్ భాషల్లో ‘కెన్నెన్’ నేటికీ వాడుకలో ఉంది. వీటన్నిటి వెనక ఉన్న ఇండో యూరోపియన్ ధాతువే సంస్కృతంలో ‘జ్ఞా’ అయింది. ఆ లెక్కన తెలుగువాళ్లు సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘జ్ఞానం’ ఈ మాటకు దూరపు చుట్టమే.

స్కాట్లండ్ న్యాయవ్యవస్థ ఈ మాటకు ఇచ్చిన పని మరీ విశేషమైనది. భర్త చనిపోయిన స్త్రీకి అతని భూమిలో మూడో వంతును బతికినంతకాలం అనుభవించే హక్కు ఉండేది. దాని పేరు ‘టెర్స్’. ఆమె భార్యేనని, భూమి అతనిదేనని విచారణలో తేలాక, ‘షెరిఫ్’ అనే న్యాయాధికారి ఆమె వాటాను నేలమీద చూపించి అప్పగించాలి. ఈ తంతును ‘కెనింగ్ టు ద టెర్స్’ అన్నారు. కొలత ఎండవైపు నుంచి మొదలవ్వాలా, నీడవైపు నుంచి మొదలవ్వాలా అని ముందు చీటీ వేసేవారు. ఎండవైపంటే తూర్పు, నీడవైపంటే పడమర. ఆ తర్వాత రెండెకరాలు వారసుడికి, మూడోది ఆమెకు, మళ్లీ రెండు అతనికి, ఒకటి ఆమెకు అంటూ భూమి ఆ చివరిదాకా కొలుచుకుంటూ పోయేవారు. తెలియజేయడమన్న పాత అర్థం కోర్టు భాషలో ఇలా దాక్కుని బతికింది. టెర్స్ హక్కునే 1964 వారసత్వ చట్టం రద్దు చేసింది.

ఇళ్లలో, వీధుల్లో ఇది వేరే పనులు చేస్తుంది. ‘కెంట్ ఫేస్’ అంటే ఊళ్లో నలుగురూ ఎరిగిన ముఖం. ‘కెన్‌స్పెకిల్’ అంటే గుంపులో ఉన్నా ఇట్టే గుర్తుపట్టగలిగే మనిషి. ‘ఎ కెనిన్’ అంటే పోల్చుకోవడానికి సరిపడేంత, అంటే రవ్వంత. పైకొచ్చి నలుగురిలో వెలుగుతున్నవాణ్ని చూసి ‘ఆ కెంట్ హిజ్ ఫేదర్’ అంటారు. ‘వాళ్ల నాన్నను నేనెరుగుదును’ అన్నదే పైకి వినిపించే అర్థం. వాడి గొప్ప మా దగ్గర కాదన్నది లోపలి పోటు. ఇక ఫైఫ్, డండీ ప్రాంతాల్లో వాక్యం చివర ‘కెన్?’ అని తగిలించడం మామూలే. గ్లాస్గోలో ఆ చోట ఎక్కువగా ‘నో’ వినిపిస్తుంది.

ఎరుకకు స్కాట్స్‌లో ఇదొక్కటే మాట కాదు. ‘విట్’ అంటే తెలివీ, సమాచారమూ. దీని ధాతువు సంస్కృత ‘విద్’కు తోబుట్టువు, విద్య, వేదం వచ్చినది దాన్నుంచే. ‘లేర్’ నేర్చుకున్న చదువు. ‘స్కీల్’ చేతిలో ఉన్న నేర్పు. వైద్యం తెలిసిన స్త్రీని ‘స్కీలీ’ అనేవారు. ‘కానీ’ అంటే ముందువెనకలు చూసుకునే మనిషి. ‘అంకో’ ప్రయాణం ఇంకా చిత్రం: తెలియనిది అన్న అర్థంతో మొదలై, వింతైనదిగా మారి, చివరికి ‘చాలా’ అనే క్రియావిశేషణంగా తేలింది. దాని మూలరూపమే ఇంగ్లీషులో ‘అన్‌కూత్’గా మిగిలి, మొరటు అనే అర్థానికి దిగింది. వీటిని పర్యాయపదాలనడం సౌకర్యమే గానీ ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదు. లేర్ ఉన్నవాడికి స్కీల్ ఉండాలని లేదు.

ఈ తేడాలు పట్టుకోగలగడం నిఘంటుకారుల పుణ్యం. ఫార్ఫర్‌లో పాస్టరుగా పనిచేసిన జాన్ జేమీసన్ 1808లో రెండు సంపుటాల స్కాట్స్ నిఘంటువు ప్రచురించాడు. ఐస్‌లండ్ పండితుడు థోర్కెలిన్ అతన్ని కలిసి, పాత ఇంగ్లీషులో కనిపించని నార్డిక్ మాటలు ఈ ప్రాంతంలో వందలకొద్దీ విన్నానని చెప్పడంతో, స్కాట్స్ చెడిపోయిన ఇంగ్లీషేనన్న జేమీసన్ ఆలోచన మారింది. స్కాట్స్ ఆ నేల పూర్వనివాసులైన పిక్టుల భాష నుంచి వచ్చిందన్న జేమీసన్ సిద్ధాంతం నిలవలేదు. అతని పద్ధతి నిలిచింది: ప్రతి అర్థానికీ పుస్తకం నుంచో, దస్తావేజు నుంచో ప్రయోగం చూపడం.

డండీలో పుట్టిన విలియం క్రేగీ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకడు. ఆ పద్ధతినే అతను విస్తరించాడు. చదివేవాళ్లు వాక్యాలను చీటీల మీద రాసి పంపుతారు. సంపాదకులు వాటిని కాలక్రమంలో పేర్చి అర్థాలు విడదీస్తారు. 1700 వరకు ఉన్న భాషకు పన్నెండు సంపుటాల నిఘంటువు 1931లో మొదలై 2002లో ముగిసింది. ఆ తర్వాతి భాషకు పది సంపుటాలది 1976లో పూర్తయింది. దాన్ని 1946 నుంచి నడిపినది డేవిడ్ మ్యూరిసన్. రెండూ కలిసి 2004లో ఇంటర్నెట్‌లోకి వచ్చాయి.

అకారాది నిఘంటువులో ‘కెన్’, ‘విట్’ చాలా దూరంలో ఉంటాయి. మాటలను అర్థాన్నిబట్టి గుంపులు కట్టే పని గ్లాస్గో విశ్వవిద్యాలయం స్కాట్స్ చారిత్రక పర్యాయపద కోశంగా మొదలుపెట్టింది. 2015లో వెలువడిన తొలి భాగాల్లో మంచుకు సంబంధించిన మాటలే 421 దొరికి పత్రికలకెక్కాయి. అంకె ఆకర్షణీయమే, అసలు లాభం మాత్రం ఒక భావానికి ఏ మాట ఎప్పుడు వచ్చి ఎప్పుడు తప్పుకుందో ఒక్కచోట కనిపించడం.

రాతనే సాక్ష్యంగా తీసుకునే ఈ పద్ధతికి లోటు లేకపోలేదు. వాక్యం చివరి ‘కెన్?’ లాంటివి నోటిమాటలు. కాగితం మీదకు అరుదుగా వస్తాయి. అందుకే ఎడిన్‌బరా విశ్వవిద్యాలయం 1949లో ప్రారంభించిన భాషా సర్వే 1950లలో ఊరూరికీ ప్రశ్నావళులు పోస్టులో పంపి, ఎక్కడివాళ్లు ఏమంటారో అడిగింది. ఆ జవాబులే 1975 నుంచి భాషాపటాలుగా అచ్చయ్యాయి.