టవర్ లేని చోట విమానం దింపాలంటే

చిన్న ఎయిర్‌స్ట్రిప్‌లో చదునైన బాట, గాలి వాటం చూపే విండ్‌సాక్, పశువులు రాకుండా కంచె ఉంటే చాలనుకుంటారు. కంట్రోల్ టవర్, వాతావరణ సమాచారం, ఫైరింజన్, ఇంధనం అక్కడ ఉండవు. అవి లేకపోయినా ఆ పనులు తప్పవు. అవన్నీ పైలట్ మీద, స్ట్రిప్‌ను చూసుకునే మనిషి మీద పడతాయి.

ఇలాంటి స్ట్రిప్‌లు తెలంగాణకు కొత్తేమీ కాదు. నిజాం కాలంలో 1930లో వెలిసిన వరంగల్ మామునూరు విమానాశ్రయం 1981లో మూతపడింది. పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ పక్కన ఒక రన్‌వే ఉంది. నిజామాబాద్ జిల్లాకు మాత్రం జక్రాన్‌పల్లి ప్రతిపాదన ఒక్కటే ఉంది. బోధన్ వాళ్లకు దగ్గరి విమానాశ్రయం సరిహద్దు అవతలి నాందేడ్. ఉడాన్ పథకం కింద మొదటి విమానాలు ఎగిరిన 2017 ఏప్రిల్ 27న నాందేడ్-హైదరాబాద్ సర్వీసు కూడా మొదలైంది.

స్ట్రిప్‌కు మొదట చూడాల్సింది నేల. మంజీర నది పక్క రేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. దాని మీద తారు పోసినా, కింద మొరం, కంకర గట్టిగా పరిచి నీరు పోయే దారి చెయ్యకపోతే రెండు వానాకాలాలకే అలలు తేలుతుంది. చల్కా నేల ఇంతకంటే నయం. గడ్డి స్ట్రిప్ అయితే పొడిగా ఉన్నప్పుడు టేకాఫ్ దూరం సుమారు 20 శాతం, తడిగా ఉంటే 30 శాతం పెరుగుతుందని లెక్క వేసుకుంటారు.

రెండోది వేడి. నిజామాబాద్ సముద్ర మట్టానికి దాదాపు 400 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీలు దాటితే గాలి పల్చబడి, విమానానికి 1,500 మీటర్ల ఎత్తున ఉన్నట్టే ఉంటుంది. రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజన్ బలమూ తగ్గుతుంది. సముద్ర మట్టంలో, 15 డిగ్రీల చల్లదనంలో 15 మీటర్ల అడ్డంకిని దాటడానికి 500 మీటర్లు చాలిన నాలుగు సీట్ల సెస్నా-172కు అప్పుడు ఒకటిన్నర రెట్లు కావాలి. అందుకే ఎండాకాలంలో పొద్దున్నే లేచిపోవడం, లేదంటే బరువు తగ్గించుకోవడం తెలివి.

మూడోది రన్‌వే కొసన ఉన్న పంట. చెరకు నరికిన చేనుకు, మూడు మీటర్లు పెరిగిన చేనుకు తేడా పైలట్‌కు మీటర్లలో తెలుస్తుంది. మామూలుగా విమానం ముందుకు పోయే ప్రతి 20 మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగుతుంది. మూడు మీటర్ల చెరకు అడ్డొస్తే నేల తాకే చోటు దాదాపు 60 మీటర్లు లోపలికి జరుగుతుంది. మ్యాపులో రన్‌వే పొడవు మారదు గానీ వాడుకోదగ్గ పొడవు కాలాన్ని బట్టి మారుతుంది. కొయ్యకాళ్లు తగలబెట్టే రోజుల్లో పొగ, దుక్కి దున్నేటప్పుడు నాగలి వెంట తిరిగే కొంగలు అదనం.

దిగే పద్ధతికి ఒక వరుస ఉంది. ముందుగా స్ట్రిప్ మీదుగా ఎత్తులో ఒక చుట్టు తిరిగి విండ్‌సాక్, బాట, పశువులు, మనుషులు చూడాలి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఇక్కడ గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వీస్తుంది. ఆ కాలంలో తూర్పు వైపు నుంచి వచ్చి గాలికి ఎదురుగా దిగడం మేలు. వెనక నుంచి వీచే గాలి టేకాఫ్ వేగంలో పదోవంతు ఉన్నా, లేవడానికి పట్టే దూరం 20 శాతం పెరుగుతుంది. టవర్ లేదు కాబట్టి తానెక్కడున్నాడో, ఏ దిక్కున దిగుతున్నాడో పైలటే రేడియోలో చెబుతూ ఉండాలి. జవాబు రాకపోయినా ఇంకో విమానం ఉందనే అనుకోవాలి. సందేహం వస్తే దిగకుండా మళ్లీ పైకి పోవాలి. తిరిగి వెళ్లడానికి సరిపడా ఇంధనం ముందే పోసుకొని ఉండాలి.

ఆస్ట్రేలియా మారుమూల ప్రాంతాల్లో 1928 నుంచి వైద్యులను మోస్తున్న ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసు నడిచేది ఇలాంటి స్ట్రిప్‌ల మీదే. విమానం వచ్చేముందు ఊరివాళ్లు బాట పొడవునా బండి నడిపి గుంతలు, కంగారూలు ఉన్నాయేమో చూస్తారు. రాత్రయితే అంచుల వెంట దీపాలు పెడతారు.

నిజామాబాద్‌లో ఈ తరహా పనికి దగ్గరగా కనిపించేది నాయకుల సభలకు వేసే తాత్కాలిక హెలిప్యాడ్. నేల చదును చేసి, సున్నంతో వలయం గీసి మధ్యలో హెచ్ అక్షరం రాస్తారు. రోటర్ గాలికి దుమ్ము లేవకుండా నీళ్లు చల్లుతారు. గాలి వాటం తెలిసేలా ఒక పక్క పొగ పెడతారు. ఫైరింజన్ నిలిపి, జనాన్ని పోలీసులు దూరంగా ఉంచుతారు. ఒక్క గంట కోసం ఇంతమంది చేసే పనే స్ట్రిప్‌లో ఏడాది పొడవునా జరగాలి. కంచె సరిచూడటం, గడ్డి కోయడం, గుంతలు పూడ్చడం, కొసన పంట ఎత్తు గమనించడం ఎవరి బాధ్యతో ముందే రాసిపెట్టుకోవాలి. ఆ పేరు, ఆ మనిషికి జీతం లేకుండా బాట ఒక్కటే వేస్తే అది కొన్నేళ్లకు మేకలు మేసే బీడవుతుంది.