హార్లన్ స్త్రీలు: చిత్రమూ, చరిత్రా

అమెరికాలోని అపలాచియన్ కొండసీమ అనగానే అక్కడి పత్రికలకూ, సినిమాలకూ ఒక బొమ్మ సిద్ధంగా ఉంటుంది: కూలబోయే వసారా, దొంగసారా కాచే మగవాడు, చెప్పులులేని కాళ్ళతో చంకన బిడ్డనెత్తుకున్న ఆడది. ఈ బొమ్మ కేవలం అజ్ఞానంవల్ల పుట్టిందనుకోవటం అమాయకత్వం. కొండవాసుల దరిద్రానికి వారి సోమరితనమే కారణమని నమ్మించగలిగితే, ఆ కొండల కడుపులోని బొగ్గును తవ్వుకుపోయినవారిని లెక్క అడిగేవాడుండడు.

ఈ బొమ్మకు ఎదురు సాక్ష్యం, బార్బరా కాపుల్ 1976లో తీసుకువచ్చిన "హార్లన్ కౌంటీ, యు.ఎస్.ఏ." అనే డాక్యుమెంటరీ. 1973లో కెంటకీ రాష్ట్రపు బ్రూక్‌సైడ్ గనికార్మికులు యూనియన్ ఒప్పందంకోసం సమ్మె కట్టారు. పికెటింగు చేసే కార్మికుల సంఖ్యను కోర్టు కుదించివేసింది. అప్పుడు వారి ఇళ్ళలోని స్త్రీలు కర్రలు పట్టుకుని రోడ్డుమీదికి వచ్చారు. 1974 ఆగస్టులో లారెన్స్ జోన్స్ అనే యువకార్మికుడు తుపాకికి బలి అయిన తర్వాతగాని కంపెనీ సంతకం పెట్టలేదు.

ఈ చిత్రాన్ని మెచ్చేవారు స్త్రీల తెగువను పొగిడి ఊరుకుంటారు. అంతకంటే విలువైనది వారి సమావేశంలోని పోట్లాట. పికెటుకు రానివారిని నిలదీస్తారు. సంసారాల గుట్టు సైతం బయటపడుతుంది. ఎవరి మగడు ఎవరితో పోయినా సరే, తనకు కావలసింది ఒప్పందమేనని ఒకామె తేల్చి చెబుతుంది. వీరనారి అని పటం కట్టినవారికీ, మొద్దు అని నవ్వినవారికీ ఈ స్త్రీ అందదు. ఆమె ఆలోచిస్తున్నది, తగవులాడుతున్నది, సంఘటితమవుతున్నది.

అదే చిత్రంలో ఫ్లారెన్స్ రీస్ కనిపిస్తుంది. 1931లో షరీఫు మనుషులు ఇల్లు సోదా చేసి పోయాక, గోడ క్యాలెండరు చింపి దాని వెనుక సమ్మెపాట వ్రాసిన మనిషి. ఆ పాట దేశాలు తిరిగింది. అటువంటి కాగితాలు మరెన్ని పొయ్యిలోకి పోయాయో!

అందుకే భద్రపరచటం అనేది పండితుల ముచ్చట కాదు. స్త్రీలకు గనుల్లో ఉద్యోగాలకోసం 1977లో టెన్నెసీలో మొదలైన "కోల్ ఎంప్లాయ్‌మెంట్ ప్రాజెక్టు", మరుసటి ఏడే 153 కంపెనీలమీద ఫిర్యాదు చేసింది. దాని కాగితాలు ఈస్ట్ టెన్నెసీ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయిగనుక ఈ సంగతి ఈనాడు రుజువు చెయ్యవచ్చు. కొండవాసులే కెమెరా చేతబట్టి, 1969 నుంచి తమ జీవితాన్ని తామే చిత్రించుకుంటూ వచ్చిన ఆపల్‌షాప్ సంస్థకు ఇంత అదృష్టం లేకపోయింది. 2022 జులై వరదలో వైట్స్‌బర్గ్ మునిగినప్పుడు, అక్కడి ఫిల్ములూ టేపులూ బురదపాలయ్యాయి. సంస్థవారూ, సాయానికి వచ్చినవారూ ఒక్కొక్క రీలునే బురదలోనుంచి ఏరి తీయవలసివచ్చింది.