జాక్స్‌బీలో ధ్రువీకరణ దోషాల నిర్వహణ: ఒక విమర్శనాత్మక పరిశీలన

ప్రోగ్రాం స్మృతిలోని ఆబ్జెక్టులను ఎక్స్‌ఎమ్‌ఎల్ పత్రంగా మార్చే ప్రక్రియను జావా పరిభాషలో మార్షలింగ్ అంటారు. ఇందుకోసం రూపొందిన ప్రమాణం జాక్స్‌బీ. ఆబ్జెక్టుకు, స్కీమాకు నియమాలు వేరు. జావాలో స్ట్రింగ్ రకపు క్షేత్రం ఎంత పొడవైన పేరునైనా స్వీకరిస్తుంది. స్కీమా ఆ పేరుకు గరిష్ఠ పరిమితి విధించవచ్చు. స్కీమా నుంచి క్లాసులను ఉత్పత్తి చేసినప్పుడు ఈ పరిమితి సాధారణంగా క్లాసులోకి రాదు. కాబట్టి వైరుధ్యం బయటపడే చోటు మార్షలింగే.

2003లో వెలువడిన జాక్స్‌బీ 1.0లో ధ్రువీకరణకు ప్రత్యేకమైన వ్యాలిడేటర్ ఉండేది. 2006 నాటి 2.0 దానిని పక్కన పెట్టి, మార్షలర్‌కే స్కీమాను జతచేసే పద్ధతిని తెచ్చింది. స్కీమాను జతచేయకపోతే ధ్రువీకరణ జరగదు. చెల్లని పత్రం కూడా ఏ హెచ్చరికా లేకుండా వెలువడగలదు. ఇది మొదటి లోపం.

రెండవ లోపం దోషాన్ని స్వీకరించే హ్యాండ్లర్ స్వరూపంలో ఉంది. హెచ్చరిక, దోషం, ఘోరదోషం అని తీవ్రత మూడు స్థాయులలో అందుతుంది. హ్యాండ్లర్ చెప్పగల సమాధానాలు మాత్రం రెండే. సత్యమంటే కొనసాగించే ప్రయత్నం జరుగుతుంది, అసత్యమంటే ప్రక్రియ ఆగుతుంది. ‘ఈ ఒక్క నమోదును విడిచి ముందుకు సాగు’ అనే మార్గం లేదు. కొనసాగిస్తే దోషయుక్తమైన విలువ పత్రంలో చేరే ప్రమాదముంది. ఆపితే అప్పటికే సగం రాసిన ఫైలు మిగిలిపోవచ్చు.

అయితే ఈ రూపకల్పనలో ఒక సుగుణాన్ని గుర్తించాలి. మార్షలింగ్ సమయంలో పత్రం ఇంకా పూర్తికాలేదు గనుక వరుస సంఖ్యకు అర్థం లేదు. అక్కడ సాధారణంగా -1 కనిపిస్తుంది. దానికి బదులు దోషానికి కారణమైన ఆబ్జెక్టునే లొకేటర్ చూపగలదు. దీనిని వాడుకోకుండా సందేశాన్ని మాత్రమే లాగ్‌లో నమోదు చేసే హ్యాండ్లర్, ఏ వ్యక్తి వివరాలు చెల్లలేదో చెప్పలేదు.

తెలుగు పేర్ల విషయంలో ఈ సమస్య మరింత స్పష్టమవుతుంది. స్కీమా పొడవును యూనికోడ్ సంకేతాలలో లెక్కిస్తుంది. ‘వేంకటలక్ష్మీనరసింహమూర్తి’ అనే పేరులో చదువరికి కనిపించే అక్షరాలు 11, సంకేతాలు 24. పరిమితి 20 అయితే ఆ పేరు చెల్లదు. దోషాన్ని ‘సవరించే’ ఉద్దేశంతో ప్రోగ్రామరు 20 సంకేతాల వద్ద కత్తిరిస్తే ‘వేంకటలక్ష్మీనరసింహమూ’ మిగులుతుంది. స్కీమా దానిని ఆమోదిస్తుంది, కాని అది ఆ వ్యక్తి పేరు కాదు. పరిమితి 22 అయితే పేరు పొల్లు రకారంతో ముగుస్తుంది. చెల్లుబాటు, సత్యం ఒకటి కావని ఈ ఉదాహరణ నిరూపిస్తుంది.

కాబట్టి ధ్రువీకరణను, రాతను వేరుచేయడం ఉచితం. జాక్స్‌బీసోర్స్ ద్వారా ఆబ్జెక్టును ముందుగా స్కీమాతో పరీక్షించవచ్చు. దోషాలన్నింటినీ సేకరించి, అవి లేవని తేలాకనే ఫైలును రాయవచ్చు. దీనివల్ల ఒకే సమాచారాన్ని రెండుసార్లు నడిపే భారం పడుతుంది. సగం రాసిన పత్రంతోనో, కత్తిరించిన పేరుతోనో పోలిస్తే ఆ భారం స్వల్పమే. పరిమితి తప్పయినప్పుడు సవరించవలసింది స్కీమాను, పేరును కాదు. హ్యాండ్లర్ పని దోషాన్ని కప్పిపుచ్చడం కాదు, దానిని బాధ్యత గల వ్యక్తి దృష్టికి తేవడం.