మూరతో కొలిచిన వీధి

మా ములకలపల్లి నుండి భద్రాచలము పోయినపుడెల్ల, గుడిమెట్లు ఎక్కుటకు ముందు మాడవీధులలో ఒక చుట్టు తిరిగివచ్చుట నాకు చిరకాలపు అలవాటు. ఆలయము చుట్టునున్న ఇండ్లను, స్థలములను సేకరించి ఆ వీధులను విస్తరింప తలపెట్టి, ప్రభుత్వము 2025లో అందులకై 34 కోట్ల రూపాయలకు పైగా విడుదల చేసిన నాటినుండి నేనీ శీర్షికలో పదేపదే మొరపెట్టుకొన్న మాట ఒక్కటే: వీధికి ప్రాణము వెడల్పులో లేదు, అరుగులో నున్నది. ఈ వారము పోయి చూడగా, నేనెరిగిన అరుగొకటి తన ఇంటితో కూడ మట్టిదిబ్బయై యుండెను. ప్రాణము ఉసూరుమన్నది.

1965లో గోదావరిపై వంతెన పడక పూర్వము మా నాయన శ్రీరామనవమికి పడవలో ఏరు దాటి పోయెడివాడు. కల్యాణము చూచినవారికి ఆ రాత్రి సత్రములు చాలక, ఖాళీగా కనబడిన అరుగుపై తువ్వాలు పరచుకొని నడుము వాల్చెడివారట. ఇంటివారు అడుగక మున్నే చెంబుతో మజ్జిగ పంపెడివారట. నేనును చిన్నతనమున అట్టి అరుగుపైననే, అరికాళ్లకు బండ చల్లదనము తగులుచుండగా, రాజవీధిలో తిరువీధిసేవ తాతగుడి వైపు కదలిపోవుట చూచితిని. స్వామి సమీపింపగనే అరుగుమీది వారందరు లేచి చేతులు జోడించుటయు, సేవ సాగిపోగానే ఎవరి చోట వారు చతికిలబడుటయు నేటికిని నా కన్నులకు కట్టినట్లున్నది. ఇంటికిని వీధికిని నడుమనున్న ఆ మోకాలెత్తు బండ ఎవరిదని అడిగినవారు లేరు.

భద్రాచలమును మా మండలమును షెడ్యూల్డు ప్రాంతములే గనుక, భూసేకరణకు ముందు గ్రామసభను గాని పంచాయతీని గాని సంప్రదింపవలెనని 1996 నాటి పెసా చట్టము చెప్పినది. 2013 నాటి భూసేకరణ చట్టము సమ్మతియే కావలెనన్నది. అయినను శామియానా క్రింద కుర్చీలు వేసి, పటము తగిలించి, అభిప్రాయము చెప్పుడన్నంత మాత్రమున వీధి నోరు విప్పదు. మా వైపు ఒక కోయగూడెమున చెట్టుక్రింద జరిగిన కూటములో నేను చూచినది వేరు: చిట్టచివర ఒదిగి కూర్చున్న ముసలమ్మ తన మాట చెప్పువరకు పెద్ద లేవలేదు.

ఆ మట్టిదిబ్బ ప్రక్కనే గోనెపట్ట పరచుకొని తులసిమాలలు కట్టుచున్న ఒక వృద్ధురాలిని చూచి, నా దుఃఖమునే ఆమె నోట వినవలెనను ఆశతో, “అరుగు పోయె గదమ్మా” అంటిని.

“పోతే పోనీ అయ్యా. దాని కింద మోరీ ఎన్నడన్నా చూసినవా? గోదారి పెరిగితే తూములు మూస్తరు. వాన నీళ్లు పోను తోవ లేక మోకాలి లోతు నిలబడతయి. ఆ నీళ్లల్ల నిలబడి పూలమ్మిన నేను.”

ఆమె మాట అక్షరసత్యము. 1986లో ఏరు 75.6 అడుగులకు వచ్చి ఊరిని ముంచిన పిమ్మట కరకట్ట కట్టినారు. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చినపుడు ఆ కట్టయే దిక్కైనది. కాని నదిని లోనికి రానీయకుండుటకు తూములు మూసినపుడు ఊరిలో కురిసిన వాన వెలుపలికి పోజాలదు. మోటార్లతో తోడి ఏటిలో పోయవలసినదే. ఇన్నేండ్లు అరుగుమీద కూర్చుండి వీధిని చూచితినే గాని, అరుగు క్రింద ఏమి నిలిచిపోవుచున్నదో వంగి చూచినవాడను కాను. కాలువకు అడ్డమైన అరుగును తీయవలసినదే. వీధి వెడల్పగుట తప్పని నేనిక వ్రాయను.

“మరి నీకేమి కావలెనమ్మా?” అని అడిగితిని.

ఆమె సూది ప్రక్కన పెట్టి, ముందుకు వంగి, మోచేయి నేలకానించి, ఒకటి, రెండు, మూడు అని మూరలు కొలిచి, అక్కడ ఒక గులకరాయి నుంచినది. “ఇంత చాలు. కొత్త బాటల ఇది నాదని రాసిపెట్టమను.”

ఇంతలో ఎవరో మాల అడుగగా, అదే చేతితో రెండు మూరలు కొలిచి, బెత్తెడు ఎక్కువ విడిచి తెంచి ఇచ్చినది.