ఉప్పాడ తీరాన చుక్కల వేట

కాకినాడ రేవు దీపాల వెలుగు ఒకవైపు ఆకాశాన్ని కమ్మినా, ఉప్పాడలో సముద్రం వైపు తిరిగితే చీకటి చిక్కగానే ఉంటుంది. చుక్కల ఫొటోలు తీసేవాళ్లకు ఆ చీకటే పెట్టుబడి. ఫిబ్రవరి, మార్చి అమావాస్యల్లో తెల్లవారకముందే పాలపుంత నడిబొడ్డు ఆగ్నేయాన నీళ్ల మీంచి పైకొస్తుంది.

ఈ పనిలో నాకు బాగా నచ్చేది వాళ్ల ఓపిక. ఫోకస్ రింగు మీది గుర్తును వాళ్లు నమ్మరు. మెరిసే చుక్క ఒకదాన్ని తెరమీద పెద్దది చేసి, అది సూదిమొన అయ్యేదాకా రింగును వెంట్రుకవాసి తిప్పుతారు. ఈలోగా ఉప్పుగాలి తేమ లెన్సు మీద పొరకడుతుంది. తుడవాలి, మళ్లీ మొదలుపెట్టాలి. భూమి తిరుగుడుకి చుక్క 4 నిమిషాల్లో ఒక డిగ్రీ జరుగుతుంది కాబట్టి, 24 మి.మీ. లెన్సుతో 20 సెకన్లు దాటితే అది గీతవుతుంది. అందుకే చిన్నచిన్న ఫొటోలు ఎన్నో తీసి, కంప్యూటర్లో ఒకదానిపై ఒకటి పేరుస్తారు. 16 పేరిస్తే చిత్రంలోని గరుకుదనం నాలుగో వంతుకు తగ్గుతుంది.

ఆకాశాన్ని ఫొటో తీయడం తెలుగునేలకు కొత్త కాదు. 1868 ఆగస్టు 18న గుంటూరులో బ్రిటిష్ అధికారి టెన్నెంట్ బృందం సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గాజు పలకలపై ఫొటోలు తీసింది. అప్పట్లో అంత బలగం కావలసిన విద్య ఇప్పుడు పాత డీఎస్ఎల్ఆర్, గట్టి ట్రైపాడ్ ఉన్నవాళ్లకి అందుతోంది. మీ దగ్గర కెమెరా ఉంటే వచ్చే అమావాస్యకు బయల్దేరండి. అలలకు కోతపడ్డ తీరం రోడ్డు అంచున మాత్రం నిలబడకండి. ఇంటికెళ్లగానే ట్రైపాడ్ కాళ్లు మంచినీళ్లతో కడగండి.